కోల్డ్ స్టోరేజీలో ఐదో పాట

వరంగల్ వెళ్ళొచ్చానని తెలియగానే మా కాకినాడలో కనిపించినవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు. వేయిస్తంభాల గుడి చూశారా? లేదండీ, వీలుపడలేదు. కోట? అటువైపే వెళ్ళలేదు. మరి అన్ని రోజులు ఏం చేసొచ్చారు? మిరపకాయల కోల్డ్ స్టోరేజీ వాకిట్లో కూర్చుని ఒక పాట కోసం ఎదురుచూశాను. ఈ మాట చెప్పగానే ఎదుటి మనిషి నా వైపు జాలిగా చూస్తున్నారు. అందుకని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కలిపి ఒకేసారి రాసేస్తున్నాను.

నాకు చీకటి పాటల పిచ్చి. వాటిని గోత్ అంటారు. అందులోనే కీబోర్డు మోత ఎక్కువగా ఉండే శాఖని డార్క్‌వేవ్ అంటారు. ఎరగనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏడుస్తూ నడుం ఊపే సంగీతం. అడుగున బేస్ గిటార్, పైన బావిలోంచి వస్తున్నట్టు ఒక గొంతు, మధ్యలో అలుపన్నది ఎరగని డ్రమ్ మిషను. నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే మనిషిని, నలభై దాటాయి. ఇంటికొచ్చి ఈ పాటలు పెట్టగానే మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఎవరు పోయారే పద్మా?" అని అడుగుతారు. ఎవరూ పోలేదత్తయ్యా, కొత్త బ్యాండు దొరికింది అంటాను. "సర్లే, స్నానం చేసి వంటింట్లోకి రా" అంటారావిడ.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఫోన్లో ఒక చిన్న గుంపుగా ఉన్నాం. ప్రతి ఆదివారం తలా ఒక బ్యాండుని తేవాలి, అది మిగతావాళ్ళు ఎప్పుడూ విననిదై ఉండాలి. భీమిలి పళ్ళ డాక్టరు ఒకసారి లిస్బన్ నుంచి ఒక మొగుడూపెళ్ళాల జంటని పట్టుకొచ్చాడు. నేను బట్టల అలమారాలో కూర్చుని పాడుకునే ఈక్వడార్ మనిషిని తెచ్చి అతని నోరు మూయించాను. అలా వెతుకుతూ వెతుకుతూ సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక పేజీ మీద పడ్డాను. బ్యాండు పేరు "పొద్దుగూకినంక". నాలుగే పాటలు. ఊరు వరంగల్.

వరంగల్! నేను అట్లకాడతో సహా పెరట్లోకి పరిగెత్తాను. లిస్బన్‌నీ ఈక్వడార్‌నీ గాలించిన దాన్ని, పొరుగు రాష్ట్రంలో ఇంత నిధి ఉందని తెలియలేదు. ఆ పాటల్లో వినిపించే ఆడగొంతు చుట్టూ ఒక ప్రతిధ్వని ఉంది. మాట అయిపోయాక కూడా గది ఆ మాటని వదలడం లేదు. వెంటనే ఉత్తరంలాంటి పొడుగాటి మెసేజీ పెట్టాను. పాడినమ్మాయి రజిత మర్నాడు జవాబిచ్చింది. వాళ్ళు పాడేది ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో, మిర్చి లేనప్పుడు ఖాళీగా ఉండే పెద్ద గదిలో. ఇంకో పాట మిగిలిపోయింది. అసలు ఆ ఒక్క పాట కోసమే బ్యాండు పెట్టుకున్నారట. కానీ ఈ ఏడు నుంచి దాని ఓనరు సేటు ఆ గదిని పన్నెండు నెలలకీ కిరాయికి ఇచ్చేశాడు, మిర్చి వెళ్తే పండ్లు వస్తాయి, గది మళ్ళీ ఖాళీ కాదు. "ఫిబ్రవరిల రెండో శుక్రవారం మొదటి లోడు దిగుతది అక్కా. గంతకు ముందే పాడాలె. ఇనాలనుంటె రా."

కాలేజీకి సెలవు పెట్టి, గొట్టం కాజాల డబ్బా కొని, రైలెక్కాను.

మరిపెడ

ఖమ్మంలో రైలు దిగి వరంగల్ బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్ళకి బస్సు ఉచితమని సంబరపడి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ దాన్ని తిప్పి చూసి, "కాకినాడనా? పైసలు తియ్యి" అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి పైసలు తీశాను.

మరిపెడలో టీ కోసం ఆపారు. రోడ్డు పక్కన ఒక పెద్దావిడ సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు, పచ్చిమిర్చి కలిపి గిన్నె అడుగున అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోస్తుంది. ముక్క ఇరవై రూపాయలు. మా వైపు దీన్ని తపేలా చెక్క అంటామండీ అని నా పాండిత్యం ప్రదర్శించాను.

"పేరేదైతేంది, చిల్లులు పెడ్తరా?"

"పెట్టరనుకుంటానండీ."

"మరి నూనె లోపటికెట్ల పోతది? గది సర్వపిండి కాదు, ఉత్త రొట్టె" అని తేల్చేసింది. తర్వాత నన్ను కిందా మీదా చూసింది. నల్ల చీర, నల్ల జాకెట్టు, నల్ల గాజులు, నల్ల సంచి. "మాలేసుకున్నవా బిడ్డా?"

"లేదండీ. ఇష్టమై కట్టుకున్నాను."

"ఇష్టమయ్యి కట్టుకున్నవా!" అని ఆవిడ ఆశ్చర్యంగా చూసి, జాలిపడినట్టుంది, ఇంకో ముక్క ఊరికే పెట్టింది. నల్లచీరకి ఇంత విలువ మా ఊళ్ళో ఎప్పుడూ రాలేదు.

తొర్రూరు

తొర్రూరులో దిగమని రజిత ముందే చెప్పింది. అక్కడ యాకయ్య ఉంటాడు. ఒక్కడే పాడి, ఒక్కడే వాయించుకునే బ్యాండు అతనిది. పేరు "దశదినకర్మ". ఆ పేరు వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. ప్రపంచంలో గోత్ బ్యాండ్లన్నీ గోరీలనీ గబ్బిలాలనీ పట్టుకుని వేలాడుతుంటే, మన కార్డుల మీద అచ్చయ్యే మాటకి ఇంత బలం ఉందని ఒక్కడికే తట్టింది.

యాకయ్యకి బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం ఉంది. పత్తి విత్తనాల కొట్ల వాళ్ళు, బారసాల వాళ్ళు, పార్టీల వాళ్ళు, అందరూ అక్కడికే వస్తారు. నేను బస్సు దిగి రోడ్డు దాటబోతూ తలెత్తి చూసి ఆగిపోయాను. బస్టాండు గోడ మీద నేనున్నాను.

నిలువెత్తు ఫ్లెక్సీ. నల్లటి వెనకరంగు. మధ్యలో నేను ఫోన్లో పెట్టుకున్న ఫోటో, దాని చుట్టూ బంతిపూల దండ. అటో దీపం, ఇటో దీపం. పైన రెండు తెల్ల పావురాలు ఎగిరిపోతున్నాయి. కింద "పద్మక్కకు స్వాగతం సుస్వాగతం" అని పసుపు అక్షరాలు ఉన్నాయి కానీ, దండేసిన ఫోటో చూశాక అక్షరాలు చదివేదెవరు? ఒక ముసలమ్మ ఫ్లెక్సీనీ నన్నూ మార్చి మార్చి చూసి దగ్గరికొచ్చింది.

"నీ అక్కనా బిడ్డా? గిదే మొకం. పాపం, మంచి వయసుల పోయింది."

నేను కాదనేలోపు నా తల నిమిరి, కళ్ళొత్తుకుని, బస్సెక్కేసింది. యాకయ్య అప్పటికి దుకాణంలోంచి పరిగెత్తుకొచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, చొక్కా నిండా రంగుల మరకలు.

"నల్లరంగంటె ప్రాణమని రజితక్కకు రాసినవట గదా! నా దగ్గర నల్లది గీ ఒక్క డిజైనే ఉన్నది అక్కా. శ్రద్ధాంజలిది. మాటలు మార్చిన గని దండ తియ్య మర్సిపోయిన. తీసేద్దునా?"

"తీస్తే ఊరుకోను" అన్నాను. బతికుండగా తన ఫోటోకి దండ చూసుకున్న గోత్ అభిమాని నేనొక్కదాన్నే అయి ఉంటాను. దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని గుంపులో పెట్టాను. పళ్ళ డాక్టరు వెంటనే దండం బొమ్మ పెట్టాడు.

యాకయ్య పాటలు దుకాణం స్పీకర్లలోనే విన్నాను. అతని దగ్గర డ్రమ్ మిషను లేదు. ఫ్లెక్సీ ప్రింటరు అటూ ఇటూ తిరిగేటప్పుడు చేసే చప్పుడునే పట్టుకుని తాళంగా వాడతాడు. ఝర్‌ర్, టక్. ఝర్‌ర్, టక్. దాని మీద ఒకే ఒక్క స్వరం సాగుతూ ఉంటుంది, అతని గొంతు గుసగుసలాడుతుంది. మధ్యలో ఒకాయన మనవరాలి పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం వచ్చి కాసేపు విని, "మిషన్ ఖరాబైనట్టున్నది సూస్కో యాకయ్యా" అని చెప్పి వెళ్ళాడు. నేను పడీపడీ నవ్వాను. యాకయ్య కూడా నవ్వి, కరీంనగర్‌లో ఇద్దరమ్మాయిల బ్యాండు ఒకటి, నిజామాబాద్‌లో ఒక హోమియో డాక్టరుది ఒకటి ఉన్నాయని చెప్పి వాళ్ళ పాటలు కూడా వినిపించాడు. ఒక్క మధ్యాహ్నంలో మూడు కొత్త బ్యాండ్లు! మూడు ఆదివారాలకి నాకు ఢోకా లేదు. పచ్చిపులుసుతో జొన్నరొట్టె తింటూ ఆ మాట అతనితో అన్నాను. మా వైపు పచ్చిపులుసు అన్నంలోకి మాత్రమే. రొట్టె ముంచుకుని తినొచ్చని ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు.

హనుమకొండ

సాదిక్ బస్టాండుకి స్కూటర్ మీద వచ్చాడు. "పొద్దుగూకినంక"లో కీబోర్డు, రికార్డింగు అతనివి. ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం నడుపుతాడు. నా సంచి ముందు పెట్టుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, గతుకు గతుకుకీ "జర పట్టుకో అక్కా" అంటూ ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళావిడ బగారా అన్నం, దాల్చా, కోడికూర చేసి పెట్టింది. మా గోదావరి జిల్లాల్లో "ఇంకొంచెం వడ్డించమంటారా అండీ" అని అడిగి వడ్డిస్తారు. ఇక్కడ అడగరు. పళ్ళెంలో ఖాళీ కనబడితే అన్నం పడుతుంది, అంతే.

"సాదిక్ గారూ, చాలండీ, మీరు కూడా కూర్చోండి" అన్నాను.

అతను అన్నం గరిటెతో సహా ఆగిపోయాడు. "అక్కా, నన్ను గారు అనకు. బ్యాంకోళ్ళు ఫోన్ చేసినట్టున్నది."

భోజనాలయ్యాక కీబోర్డు తెచ్చాడు. నేను కాజాల డబ్బా తీశాను. గొట్టం కాజా తినే పద్ధతి ఒకటుంది, పైకెత్తి నోట్లో పెట్టుకుని కొరకాలి, లేకపోతే లోపలి పాకం బయటికొచ్చేస్తుంది. ఆ పద్ధతి చెప్పేలోపే సాదిక్ దాన్ని బిస్కెట్టు కొరికినట్టు అడ్డంగా కొరికాడు. పాకం కాస్తా కీబోర్డు మీద పడింది. వాళ్ళావిడ తడిగుడ్డ తెచ్చింది, నేను దూది తెచ్చాను, అతను మాత్రం వేళ్ళు నాక్కుంటూ, "ఫికర్ లేదు, ఇంత రుచి లోపటికి పోతె పాటలు ఇంకా మంచిగొస్తయి" అన్నాడు. గంటసేపు తుడిస్తే గానీ అది మళ్ళీ పలకలేదు.

ప్రతిధ్వని గురించి అడిగాను. కంప్యూటర్లో కూడా వేసుకోవచ్చు కదా, ఆ గదే ఎందుకు?

"వేసి చూసినం అక్కా. ప్లాస్టిక్ పువ్వు లెక్కుంటది. అది ఒకటైతే, అసలు సంగతి రజిత. ఆ ఐదో పాట బయట పాడుమంటె ఆమెకు గొంతు రాదు. మా ఇంట్ల పాడుమన్న, పాడలె. తలుపేసిన ఆ గదిల అయితెనే పాడతా అంటది. ఆ గది పోయిందంటె పాట పోయినట్టే."

"దేని గురించి ఆ పాట?"

"నాకు కూడ సగమే ఎరుక. ట్యూన్ ఇచ్చిన, మాటలు ఆమె చూపెట్టలె."

ఎనుమాముల, గురువారం

ఎనుమాముల మార్కెట్ మైదానంలో అడుగుపెడితే నేలంతా ఎరుపే. బస్తాలు, కుప్పలు, కుప్పల మధ్య మనుషులు. చూస్తుండగానే గొంతులోకి ఘాటు దిగింది. నేను తుమ్మడం మొదలుపెట్టాను. ఆపకుండా, వరసగా. పక్కనున్న రైతులు చూసి, "కొత్త మనిషి" అనుకున్నారు. వాళ్ళెవరూ తుమ్మడం లేదు.

కోల్డ్ స్టోరేజీ అక్కడికి దగ్గర్లోనే. రజిత ఆఫీసులో గేటు పాసులు రాస్తుంది. ఫోన్లో విన్న గొంతుకి నేను ఊహించుకున్న మనిషి వేరు. ఈ పిల్ల పసుపు చుడీదార్ వేసుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, ఒకచేత్తో సమోసా తింటూ వచ్చి నన్ను కావలించుకుంది. "అక్కా, గిది నిజంగ నువ్వేనా! కాకినాడ కెల్లి వచ్చినవా మా కోసం!" నేను "మీ పాటలు..." అని ఏదో మొదలుపెట్టేసరికి, "మీరు అనకే, సిగ్గయితాంది" అని నోటికి సమోసా అడ్డం పెట్టుకుంది.

గది చూపించింది. జానెడు మందం తలుపు, లోపల కిటికీ లేని చీకటి. ఖాళీ. రజిత పెదవి కదిపి చిన్నగా కూనిరాగం తీసింది. ఆ రాగం గోడల మీద పాకి, మూలలకి పోయి, నెమ్మదిగా తిరిగొచ్చింది. నా చేతుల మీద రోమాలు లేచాయి. ఇది వినడానికే కదా వచ్చాను, ఇంకాసేపట్లో పాట మొత్తం ఈ గదిలోనే నిలబడి వింటాను కదా అని గంతులేయబుద్ధయింది.

సరిగ్గా అప్పుడు గోడ అవతల చల్లటిగాలి మిషను ఘీంకరించింది. రేపటి లోడు కోసం మెకానిక్ మిషన్లన్నీ వేసి చూస్తున్నాడట. ఆ మోత గోడల్లోంచి గదిలోకి వచ్చేస్తోంది. సాదిక్ మైకు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. రజిత వెళ్ళి మెకానిక్‌ని బతిమాలింది, సాదిక్ బతిమాలాడు, నేను కాజా ఇచ్చి బతిమాలాను. అతను కాజా తిన్నాడు గానీ మిషను ఆపలేదు. తప్పు అతనిది కాదు, రేపు మిషను నడవకపోతే పోయేది అతని ఉద్యోగమే. గురువారం రాత్రంతా కూడా మిషన్లు ఆగలేదు.

మధ్యాహ్నం అన్నాలకి రజిత తల్లి ఎల్లమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మార్కెట్లో మిర్చి కుప్పల దగ్గర కూర్చుని తాలుకాయలు, అంటే రంగుపోయిన కాయలు ఏరి పక్కన పడేస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. రజిత మొహం వేలాడేసుకుని ఉండటం చూసి ఆవిడ నాతో అంది, "ఏడుపు పాటలు పాడుకుంట తిరుగుతాంది. పెండ్లిపాటలు పాడితె నలుగురు పిలుస్తరు గద. నువ్వన్నా చెప్పు బిడ్డా."

"నాకూ ఏడుపు పాటలే ఇష్టమండీ."

"ఇగ దొందూ దొందే" అని నవ్వి, నా పళ్ళెంలో సకినాలు పోసింది.

శుక్రవారం పొద్దున

శుక్రవారం లక్ష్మీదేవికి ఇష్టమైన రోజు కాబట్టి మొదటి బస్తా ఆ రోజే లోపలికి పోవాలి. గది ద్వారానికి మామిడాకులు కట్టారు. మిషన్లు ఆపి వాటికి పసుపు కుంకుమలు పెట్టారు. మొదటి బస్తా లోపలికి వెళ్ళాకే మళ్ళీ మిషను వేస్తారట. హమాలీల మేస్త్రీ మల్లయ్య తలకి కొత్త తువ్వాలు చుట్టుకుని పెద్దరికంగా నిలబడ్డాడు. తాలు ఏరే ఆడవాళ్ళు కూడా పూజకి వచ్చారు, ఎల్లమ్మతో సహా.

నేను నల్లచీరలో వెళ్ళాను. ఇంకే రంగూ తెచ్చుకోలేదు మరి. మేస్త్రీ నన్ను చూసి, "పూజకు నల్లదా?" అన్నాడు. రజిత పరిగెత్తుకొచ్చి తన చిలకాకుపచ్చ చున్నీ నా భుజాల చుట్టూ కప్పింది. ఆ రంగులో నన్ను మా గుంపు చూసి ఉంటే వెలివేసి ఉండేవాళ్ళు.

సాదిక్ ఆ మూల, లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని నిలబడ్డాడు. రజిత మామూలుగా నవ్వుతూనే ఉంది కానీ ఆ ఖాళీ గది వైపు చూడటం లేదు. కొబ్బరికాయ కొట్టారు. హారతిచ్చారు. మల్లయ్య మేస్త్రీ బస్తా కింద భుజం పెట్టి, "జై" అని పైకి లేపాడు. లారీ మీది బస్తాలోంచి ఘాటు నా ముక్కు దాకా వచ్చింది.

తుమ్మాను. చిన్న తుమ్ము కాదు. చున్నీ ఎగిరి మెట్ల మీద పడింది.

అందరూ బిగుసుకుపోయారు. మేస్త్రీ నెమ్మదిగా బస్తా దించాడు. మార్కెట్లో ఘాటుకి తుమ్మేవాళ్ళని ఎవరూ పట్టించుకోరు, కానీ మొదటి బస్తా గుమ్మం ముందుండగా తుమ్మితే ఆ లెక్క వేరు. తుమ్ము విషయంలో మాత్రం రెండు రాష్ట్రాలూ ఒక్కటే.

"ఒంటి తుమ్ము" అన్నాడు మేస్త్రీ. "ఇంకోటి వస్తదా బిడ్డా? రెండైతె మంచిదే. ఎత్తుతం."

అప్పుడు అందరి కళ్ళూ నా ముక్కు మీద పడ్డాయి. నిజం చెప్తున్నాను, రెండోది సిద్ధంగా ఉంది. ముక్కు చివరిదాకా వచ్చి కూర్చుంది. నేను రజిత వైపు చూశాను. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. చేతులు రెండూ కలిపి గడ్డం కింద పెట్టుకుని, కళ్ళతోనే, వద్దక్కా, వద్దు అంటోంది. నాకు వెలిగింది. మిషన్లు ఆగి ఉన్నాయి. గది ఖాళీగా ఉంది.

పై పెదవిని వేలితో నొక్కిపట్టాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పదమూడో ఎక్కం మొదలుపెట్టాను. చెవులు మూసుకుపోయాయి. మేస్త్రీ నా మొహంలోకి వంగి వంగి చూస్తున్నాడు, "వస్తాందా? వస్తాంది, వస్తాంది..." అని. పదమూడు తొమ్మిదుల దగ్గర అది వెనక్కి తిరిగింది.

"రాలే" అన్నాడు. "సరే, జరసేపు కూసోండ్రి. నీళ్ళు తాగుండ్రి."

ఆఫీసు గుమాస్తా గోడ క్యాలెండరు చూసొచ్చాడు. "కూసునే సరికి రాహుకాలం వస్తది మేస్త్రీ. పదిన్నర కెల్లి పన్నెండు. గప్పటిదాంక బస్తా ముట్టొద్దు, మిషన్ ముట్టొద్దు."

రజిత కేక పెట్టలేదు కానీ పెట్టినంత పని చేసింది. నా చెయ్యి పట్టుకుని గది వైపు లాగింది. "దా అక్కా, దా! లోపట కూసో, సప్పుడు చేయకు!"

రెండడుగులు వేశాను. వేసి ఆగిపోయాను. ముక్కులో మళ్ళీ గిలిగింత మొదలైంది. తలుపు వేశాక ఈ గదిలో నేను తుమ్మితే ఆ తుమ్ము కూడా గోడలు పట్టుకుని పాకుతుంది. కాకినాడ నుంచి వచ్చింది ఆ గదిలో నిలబడి ఆ పాట వినడానికి. దుఃఖం వచ్చేసింది, సిగ్గేముంది, వచ్చింది. చేతిని విడిపించుకుని, "మీరు వెళ్ళండి, నేను తుమ్ముతాను" అన్నాను. రజిత ఒక్క క్షణం నా వైపు చూసింది. సాదిక్ లోపలి నుంచి పిలిచాడు. జానెడు మందం తలుపు మూసుకుంది.

రాహుకాలం

తలుపు మూసిన మరుక్షణం లారీ వెనక్కి పరిగెత్తి కడుపారా తుమ్మాను. రాహుకాలంలో తుమ్ములకి లెక్కలేదని మేస్త్రీ దయతలిచాడు. హమాలీలు బస్తాల మీద నడుం వాల్చారు. ఆడవాళ్ళు నీడకి చేరి, ఊరికే కూర్చోలేక, పక్కనున్న కుప్పలో తాలు ఏరడం మొదలుపెట్టారు. నేను మజ్జిగ తాగుతూ తలుపుని చూస్తూ కూర్చున్నాను. ఒక్క చప్పుడు కూడా బయటికి రాలేదు. చల్లదనం బయటికి పోకుండా కట్టిన గోడలు, పాట ఎక్కడ పోనిస్తాయి?

"లోపట ఏం చేస్తాండ్రు గింతసేపు?" అంది ఎల్లమ్మ.

"పాడుతున్నారండీ."

"ఏం పాటనో మరి. ఇంట్ల ఎప్పుడు పాడలె."

తలుపు తెరుచుకునేసరికి ఎండ నెత్తికెక్కింది. ముందు సాదిక్ వచ్చాడు. బొటనవేలెత్తలేదు, నవ్వలేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అయిపోయింది అక్కా. ఒక్క టేకు. రెండోది అడగబుద్ధి కాలె." వెనకే రజిత వచ్చి మెట్టు మీద కూలబడింది. చుడీదార్ చెమటతో తడిసిపోయింది. నేను ఎగిరి గంతేసి ఇద్దరినీ పట్టుకుని ఊపేశాను.

మల్లయ్య మేస్త్రీ లేచి వచ్చాడు. "మా పని ఆపిచ్చి పాడుకున్నరు గద. మాకు ఇనిపియ్యరా?"

రజిత తల్లి వైపు చూసింది. ఎల్లమ్మ తలెత్తకుండా కాయలు ఏరుతోంది. "ఇప్పుడు వద్దు పెద్దయ్యా" అంది రజిత. మేస్త్రీ, "ఇంకెప్పుడు? పన్నెండయితె నేను మోత మొదలుపెడ్త" అన్నాడు. సాదిక్ స్పీకరు తెచ్చి లారీ అంచు మీద పెట్టి, రజిత వైపు చూసి ఆగాడు. ఆ పిల్ల తలూపింది.

ముందు ఒకే ఒక్క స్వరం, అడుగున నెమ్మదిగా తాళం. తర్వాత ఆ గొంతు. గదంతా ఆ గొంతు చుట్టూ ఉంది, ఖాళీగా, పెద్దగా, చీకటిగా.

*ఎన్నిసార్లు కడిగినా కారం పోలె,*
*నీ చెయ్యి నా చెంపదాంక రాలె.*
*దూరం కెల్లి జోకొడితివి,*
*దూరం కెల్లే నిద్రపుచ్చితివి.*

హమాలీలు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. నాకు నెమ్మదిగా అర్థమైంది. రోజంతా మిర్చి ఏరిన చేత్తో పసిపిల్ల మొహం ముట్టుకోలేని తల్లి పాట అది. కన్నీళ్ళు తుడవలేక చీరకొంగు విసిరి ఇచ్చిన తల్లి. ఉయ్యాలని కాలితో ఊపిన తల్లి. నేను ఇన్నేళ్ళూ ప్రపంచమంతా వెతికి విన్న చీకటి పాటలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

పాట అయిపోయింది. గది ఇంకా కాసేపు ఆఖరి మాటని పట్టుకుని, తర్వాత వదిలేసింది. మల్లయ్య మేస్త్రీ తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మంచిగ ఏడ్చినవ్ బిడ్డా" అన్నాడు. ఇంతకన్నా పెద్ద మెప్పు ఏ గోత్ గాయనికీ ఎక్కడా దొరికి ఉండదు.

ఎల్లమ్మ మాత్రం కదల్లేదు. చాటలో కాయలు అలాగే ఉన్నాయి. కూతురి వైపు చూడకుండా అంది, "ముట్టుకుంటె మంటకు ఏడుస్తవనే గదనే. గందుకే గద."

"ఎరుక అమ్మా" అంది రజిత.

మెట్టు దిగి వెళ్ళి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఎల్లమ్మ చేతులు వెనక్కి దాచుకోబోయింది. రజిత వాటిని పట్టుకుంది, ముందుకి లాక్కుని రెండు అరచేతులూ తన చెంపలకి గట్టిగా ఆనించుకుంది.

"వద్దే పిస్సదానా! పొద్దట్సంది ఏరిన చేతులు! ఇడువు, మంట లేస్తది!"

"ఉండనీ."

"కండ్లల్ల పడ్తది, ఇడువుమంటాన్న!"

రజిత వదల్లేదు. కాసేపటికి మొహం ముడుచుకుని, "అమ్మా, మండుతాందే!" అని గట్టిగా అరిచింది, అరుస్తూనే నవ్వింది. ఎల్లమ్మ తిట్టడం మొదలుపెట్టింది, తిడుతూ తనూ నవ్వింది. ఎవరో మజ్జిగ తెమ్మన్నారు, ఎవరో కొబ్బరినూనె అన్నారు. నేను ఏడుస్తున్నానో, నవ్వుతున్నానో, తుమ్ముతున్నానో నాకే తెలియలేదు. రజిత చెంపలు రెండూ కందిపోయి ఎర్రబడ్డాయి. ఆ చేతులు మాత్రం అక్కడే ఉన్నాయి.

పన్నెండు దాటింది. గుమాస్తా బయటికి వచ్చి గడియారం చూపించాడు. బస్తా ఎత్తమని మేస్త్రీ ఎవరికీ చెప్పలేదు.